బాబు పాల పన్ను రీసెర్చ్‌కి ఇవ్వమంటున్నారు. పంటితో మెదడు జబ్బు గురించి ఏం తెలుస్తుంది?

నవ్వులబాబు_అమ్మ:

అందరికీ నమస్కారం. మా బాబుకి ఆరేళ్ళు దాటాయి, ఏంజెల్‌మన్ సిండ్రోమ్ అనే పుట్టుకతో వచ్చే జన్యు జబ్బు ఉంది. రెండున్నరేళ్ళప్పుడు జెనెటిక్ టెస్టులో తేలింది, తల్లి వైపు నుంచి వచ్చిన 15వ క్రోమోజోమ్‌లో ఒక ముక్క లేదని రిపోర్టులో రాశారు. మాటలు లేవు, నడక ఈమధ్యే కాస్త కుదురుకుంది, ఫిట్స్‌కి రెండు మందులు వాడుతున్నాం. నిద్ర సంగతి ఈ జబ్బున్న పిల్లల తల్లిదండ్రులకి నేను చెప్పక్కర్లేదు.

మొన్న కింది ముందు పన్ను కదలడం మొదలైంది. వాడు చెప్పలేడు కదా, పొద్దున దిండు మీద చిన్న రక్తపు మరక కనిపిస్తే భయపడి నోరు తెరిచి చూశాను, అప్పుడు తెలిసింది. వాడిని చూసే డాక్టర్‌గారితో ఆ మాట అంటే, ఒక రీసెర్చ్ టీమ్ ఇలాంటి పిల్లల పాల పళ్ళు తీసుకుంటోంది, పన్ను లోపలి స్టెమ్ సెల్స్‌ని (వేరే రకం కణాలుగా మారగలిగే కణాలట) మెదడు కణాలుగా పెంచి చూస్తారు, ఇష్టమైతే ఇవ్వండి అన్నారు. ఆరు పేజీల కాగితాలు కూడా చేతిలో పెట్టారు. రెండుసార్లు చదివాను, సగం అర్థమైంది.

పన్నుకీ మెదడుకీ సంబంధం ఏంటి? వాడి దగ్గర ఇప్పటికి ఎన్నోసార్లు రక్తం తీశారు, అందులో దొరకనిది పంటిలో ఏముంటుంది? దీనివల్ల మా వాడికి ఏమైనా మేలుందా, ఉన్నదున్నట్టు చెప్పండి, ఏదైనా తట్టుకోగలను. ఇంకో మాట, మా బంధువు ఒకాయన "ఎవరికో ఎందుకివ్వడం, డబ్బు కట్టి బ్యాంకులో దాచుకుంటే రేపు వాడి వైద్యానికే పనికొస్తుంది కదా" అంటున్నారు. ఎటూ తేల్చుకోలేక టెన్షన్‌గా ఉంది. పన్ను మాత్రం ఎక్కువ రోజులు ఆగేలా లేదు.

కణాల_కాపరి:

మేడమ్, నేను సెల్ కల్చర్ ల్యాబ్‌లో పని చేస్తాను, నాలుగేళ్ళుగా పంటి కణాలే పెంచుతున్నాను. మీ మొదటి రెండు ప్రశ్నలూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు రక్తం సంగతి. 15వ క్రోమోజోమ్ మీద యూబీఈ3ఏ అనే జన్యువు ఉంటుంది. కణంలో పనైపోయిన ప్రోటీన్లకి ఇక పారేయొచ్చని గుర్తు తగిలించే ఎంజైమ్ దాని నుంచే తయారవుతుంది. అందరికీ ఇది రెండు కాపీలుంటుంది, అమ్మది ఒకటి, నాన్నది ఒకటి. రక్తంలో, చర్మంలో రెండూ పని చేస్తాయి. న్యూరాన్లలో, అంటే మెదడు కణాల్లో, మాత్రం నాన్న కాపీ నోరు నొక్కేసి ఉంటుంది, అమ్మ కాపీ ఒక్కటే పని చేస్తుంది. మీ బాబుకి అమ్మ వైపు ముక్కే లేదు కాబట్టి రక్తకణాల్లో నాన్న కాపీతో ఎలాగో నడిచిపోతోంది, న్యూరాన్లకి వచ్చేసరికి ఆ ప్రోటీన్ దాదాపు లేనట్టే. అందుకే రక్తం చూస్తే ముక్క పోయిందని తెలుస్తుంది గానీ, పోయాక మెదడు కణం లోపల ఏం జరుగుతోందో ఎన్ని సీసాల రక్తం తీసినా కనబడదు. దానికి న్యూరానే కావాలి. పిల్లాడి మెదడులోంచి ముక్క తీసి చూసే మాటే లేదు. ఎలుకల్లో చాలా తెలుసుకున్నారు, ఇంకా తెలుసుకుంటున్నారు, అయినా ఎలుక న్యూరాన్ మీ బాబు న్యూరాన్ కాదు.

ఇక పన్ను. గర్భంలో పిండానికి మూడు నాలుగు వారాలప్పుడు వీపు వెంట ఒక గొట్టం మూసుకుంటుంది, అదే తర్వాత మెదడూ వెన్నుపామూ అవుతుంది. ఆ గొట్టం అంచుల నుంచి కొన్ని కణాలు విడివడి బయల్దేరతాయి, వీటిని న్యూరల్ క్రెస్ట్ కణాలంటారు. వాటిలో కొన్ని ముఖంలో ఎముకలవుతాయి, కొన్ని నరాలవుతాయి, కొన్ని పంటి లోపలి గుజ్జులో చేరతాయి. అంటే పంటి గుజ్జుకీ మెదడుకీ పుట్టిల్లు ఒకటే. ఆ గుజ్జులో స్టెమ్ సెల్స్ ఉన్నాయని 2000లో అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్‌లో స్టాన్ గ్రాంథోస్, సాంగ్‌టావో షీ బృందం పెద్దవాళ్ళ జ్ఞానదంతాల్లో చూపించింది. ఊడిన పాల పళ్ళలోనూ ఉన్నాయని 2003లో తేలింది. ఒక ముందు పన్ను నుంచి అప్పుడు దొరికినవి 12 నుంచి 20 కణాలు, అంతే. కానీ అవి పెరుగుతూనే పోతాయి కాబట్టి అన్నే చాలు.

ల్యాబ్‌లో ఎలా ఉంటుందో చెప్తాను. పన్ను వచ్చాక కడిగి, పగలగొట్టి, లోపలి గుజ్జు బయటికి లాగుతాం. పాల పంటిలో అది తడిసిన ఎర్ర దారప్పోగంత ఉంటుంది, కొన్నింట్లో అదీ ఉండదు. సన్నగా తరిగి, కణాల మధ్య జిగురుని కరిగించే ఎంజైముల్లో కాసేపు ఉంచి, పోషకాల ద్రవంలో 37 డిగ్రీల దగ్గర పెడతాం. తర్వాత ఎదురుచూడటమే. కొన్ని రోజుల పాటు మైక్రోస్కోప్‌లో చెత్త, రక్తకణాల ముక్కలు తప్ప ఏమీ కనిపించవు. ఒక రోజు చూస్తే ప్లేటు అడుగున ఒక కణం అతుక్కుని, రెండు కొనలూ సాగి, కండెలా పొడుగ్గా ఉంటుంది. తర్వాత రెండు రోజులకి దాని చుట్టూ నాలుగు. ఇన్నేళ్ళయినా అది చూసినప్పుడల్లా నాకు గుండె ఉప్పొంగుతుంది, ఎందుకంటే ఆ పన్ను వెనకాల ఒక పిల్లాడున్నాడని తెలుసు.

తగినన్ని పెరిగాక కొన్నింటిని ద్రవ నైట్రోజన్‌లో, మైనస్ 196 డిగ్రీల దగ్గర, దాచేస్తాం. మిగతావాటిని న్యూరాన్లవైపు తిప్పడానికి రెండు దారులున్నాయి. ఒకటి, రకరకాల రసాయనాలు, వృద్ధి కారకాలు ఇస్తూ కొన్ని వారాల్లో నేరుగా న్యూరాన్ లక్షణాలు తెప్పించడం. రెండోది, 2006లో షిన్యా యమనకా చూపించిన పద్ధతిలో నాలుగు జన్యువులతో కణాన్ని పిండం నాటి స్థితికి వెనక్కి తీసుకెళ్ళి, అక్కడి నుంచి న్యూరాన్‌గా పెంచడం. వీటిని ఐపీఎస్ కణాలంటారు, ఆయనకి 2012లో నోబెల్ వచ్చింది ఈ పనికే. రెండో దారి ఖర్చు, నెలల పని, కానీ న్యూరాన్లు బాగా వస్తాయి. వెనక్కి తీసుకెళ్ళినప్పుడు డీఎన్ఏ మీద ఏ జన్యువు పని చేయాలో, ఏది ఊరుకోవాలో చెప్పే పాత గుర్తులు చాలావరకు చెరిగిపోతాయి, అందుకని కొందరు మొదటి దారే మేలంటారు. మీ బాబు జబ్బు విషయంలో ఆ భయం కొంత తగ్గింది. 2010లో కనెక్టికట్ యూనివర్సిటీ వాళ్ళు ఏంజెల్‌మన్ పిల్లల చర్మకణాలతో ఐపీఎస్ చేసి న్యూరాన్లు పెంచితే, నాన్న కాపీ నిజం మెదడులో మూగబోయినట్టే ప్లేటులోనూ మూగబోయింది.

పన్నొక్కటే దారి అని మాత్రం అనను. చర్మం ముక్కతోనూ, రక్తంతోనూ ఐపీఎస్ చేయొచ్చు. పన్ను దానంతటదే ఊడుతుంది, పిల్లాడికి సూది లేదు, కోత లేదు, అందుకే పిల్లల జబ్బులకి ఇది ఎంచుకుంటారు.

ఇంకోటి, మీరు అడగలేదు గానీ చెప్పాలనిపించింది. "తల్లి వైపు" అని రిపోర్టులో చూసి మీ వల్ల ఏదో జరిగిందని ఎప్పుడైనా అనుకుని ఉంటే ఆ ఆలోచన తీసేయండి. ఈ ముక్క పోవడం దాదాపు ఎప్పుడూ అండం తయారయ్యేటప్పుడు దానంతటదే జరిగేది. మీరు తిన్నదీ కాదు, చేసిందీ కాదు.

డూప్15_నాన్న:

చెల్లెమ్మా, మా పాపది మీ బాబు జబ్బుకి అద్దంలో బొమ్మ లాంటిది. మీకు 15వ క్రోమోజోమ్‌లో ఆ ముక్క తక్కువ, మా పాపకి అదే ముక్క ఎక్కువ, డూప్15క్యూ అంటారు. లారెన్స్ రైటర్ అనే ఆయన అమెరికాలోని మెంఫిస్‌లో ఉన్నప్పుడు ఆయన ల్యాబ్ ఏంజెల్‌మన్, డూప్15క్యూ పిల్లల పాల పళ్ళు పోస్టులో తెప్పించుకుని పని చేసింది. ఆ విషయం చదివాకే మాకూ ఇవ్వాలనిపించింది. మేము ఇచ్చింది వేరే టీమ్‌కి.

మేము రెండు పళ్ళు ఇచ్చాం. మొదటిది పాడైంది, తప్పు మాదే. శనివారం రాత్రి ఊడింది, కిట్ ఇంకా రాలేదు, పాప పన్నని నేను అపురూపంగా దూదిలో చుట్టి చిన్న డబ్బాలో పెట్టాను. సోమవారం తీసుకెళ్ళి ఇస్తే రెండు వారాల తర్వాత కణాలు పెరగలేదని ఫోన్ వచ్చింది. ఆరిపోతే లోపలి గుజ్జు చచ్చిపోతుందట. ఆ రోజు నేను బాధపడింది ఇంతా అంతా కాదు, పిల్ల ఒంట్లోంచి వచ్చింది చేతులారా పాడు చేశాననిపించింది. కాబట్టి మీరు ఈరోజే ఫోన్ చేసి కిట్ తెప్పించుకోండి, పన్ను ఊడే వరకూ ఆగకండి. కిట్‌లో మూత గట్టిగా ఉన్న చిన్న సీసా, అందులో గులాబీ రంగు ద్రవం, ఐస్ ప్యాక్ ఉంటాయి. ఊడిన వెంటనే నేరుగా ఆ సీసాలోకి. స్పిరిట్‌తో తుడవకండి, ఫ్రీజర్‌లో పెట్టకండి. రెండో పన్ను అలాగే పంపితే పది రోజులకి కణాలు వచ్చాయన్నారు, ఆ మాట విని మా ఆవిడ ఏడ్చేసింది.

కాగితాల్లో మూడు విషయాలు చూసుకోండి. పంటి మీద పేరు బదులు కోడ్ నంబర్ వేస్తారా లేదా, పిల్లాడి డీఎన్ఏ వివరాలు ఇతర ల్యాబ్‌లతో పంచుకుంటారా, మనసు మారితే వెనక్కి తీసుకోవచ్చా. మా కాగితంలో వెనక్కి తీసుకోవచ్చని ఉంది, అయితే అప్పటికే వచ్చిన ఫలితాలు మాత్రం తీసేయలేమని రాశారు. వ్యక్తిగతంగా మాకు రిపోర్ట్ ఏమీ ఇవ్వరని కూడా రాశారు. అది ముందే మనసుకి ఎక్కించుకుంటే మంచిది, లేకపోతే ప్రతి ఫోనుకీ గుండె దడే.

సూటిగా_ఒకమాట:

అందరూ ఇవ్వండి ఇవ్వండి అంటున్నారు, అమ్మగారు అడిగిన మూడో ప్రశ్న మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. మా తమ్ముడి కొడుక్కి ఇంకో జన్యు జబ్బు ఉంది, పదేళ్ళుగా నమూనాలు ఇస్తూనే ఉన్నాం, ఏదీ తిరిగి రాలేదు. ప్లేటులో పెరిగే న్యూరాన్ గర్భంలో పిండం మెదడు వయసుదే, ఆరేళ్ళ పిల్లాడిది కాదు. దానికి పక్కన మిగతా మెదడు లేదు, నిద్ర లేదు, ఫిట్స్ లేవు. ఇద్దరు మామూలు పిల్లల కణాల మధ్యే బోలెడు తేడా ఉంటుంది, మరి కనిపించిన తేడా జబ్బుదా మనిషిదా అని ఎలా చెప్తారు? తల్లిదండ్రుల ఆశ మీద పని నడిపించకూడదు అనేది నా బాధ.

కణాల_కాపరి:

మీరన్నవన్నీ నిజమైన ఇబ్బందులే, ల్యాబ్‌లో మేమూ రోజూ కొట్టుకునేది వీటితోనే.

పిల్లాడికీ పిల్లాడికీ తేడా అన్నదానికి రెండు మార్గాలున్నాయి. ఎక్కువమంది పిల్లల పళ్ళు కావాలి, అందుకే పళ్ళు అడిగేది. ఐదుగురివి చూసి ఏదో చెప్పేయడం కన్నా యాభైమందివి చూడటం వేరు, పోస్టులో వచ్చే పళ్ళతో అది సాధ్యమవుతుంది. రెండోది క్రిస్పర్ అనే జన్యువుల్ని కత్తిరించి మార్చే పద్ధతితో అదే పిల్లాడి కణంలో జన్యువు సరిచేసి, సరిచేసినదీ చేయనిదీ పక్కపక్కన పెట్టి చూడటం. మిగతాదంతా ఒకటే కాబట్టి తేడా ఉంటే అది ఆ జన్యువుదే. మీ బాబుకున్నంత పెద్ద ముక్క పోతే మళ్ళీ అతికించడం చాలా కష్టం మేడమ్, ఒక్క అక్షరం తప్పున్న జన్యువుల్లో ఇది బాగా కుదురుతుంది.

ఏం సాధించారంటే, నాకు బాగా నచ్చిన ఉదాహరణ విలియమ్స్ సిండ్రోమ్. 7వ క్రోమోజోమ్‌లో పాతిక పైచిలుకు జన్యువులున్న ముక్క పోతుంది, ఆ పిల్లలు ఎవరితోనైనా ఇట్టే కలిసిపోతారు, ముక్కూ మొహం తెలియనివాళ్ళని కూడా వాటేసుకుంటారు. 2016లో శాన్ డియాగోలో అలిసన్ ముయోత్రి బృందం ఆ పిల్లల పంటి గుజ్జు కణాలనే ఐపీఎస్‌గా మార్చి న్యూరాన్లు పెంచింది. ఆ న్యూరాన్ల కొమ్మలు మామూలు వాటి కన్నా పొడుగ్గా, వాటి మీది మొలకలు ఎక్కువగా ఉన్నాయి. ప్లేటులో మాత్రమే అలా ఉందేమో అనుకోవచ్చు కదా, అందుకని అదే జబ్బుతో చనిపోయినవాళ్ళు దానమిచ్చిన మెదడు కణజాలం తీసి చూశారు, అక్కడా కొమ్మలు అలాగే ఉన్నాయి. పంటిలోంచి వచ్చిన కణం మెదడు గురించి నిజమే చెప్పిందన్నమాట. ముయోత్రి వాళ్ళే బ్రెజిల్‌లోని సావో పాలో యూనివర్సిటీతో కలిసి ఆటిజం ఉన్న పిల్లల పాల పళ్ళ మీద కూడా పని చేశారు.

మందు సంగతి. ఏంజెల్‌మన్‌లో ఆశ ఎక్కడుందంటే, మీ బాబు ప్రతి న్యూరాన్‌లోనూ నాన్న కాపీ చెక్కుచెదరకుండా ఉంది, మూగగా ఉందంతే. దాన్ని మూగగా ఉంచేది ఒక పొడవైన ఆర్ఎన్ఏ (డీఎన్ఏ నుంచి కణం తీసే నకలు లాంటిది), ఆ ఆర్ఎన్ఏని తుంచేసే ఏఎస్ఓ అనే రకం మందులు ఇప్పటికే మనుషుల మీద ట్రయల్స్‌లో ఉన్నాయి. ఆ మందులు పంటి కణాల్లోంచే పుట్టాయని నేను చెప్పను, ఎలుకల పని దాని వెనక చాలా ఉంది. కానీ ఆ మందు అతుక్కోవాల్సింది మనిషి ఆర్ఎన్ఏ అక్షరాలకే, ఎలుకలో ఆ అక్షరాలు వేరు. అందుకే మనిషి న్యూరాన్ ప్లేటులో ఉండటం అవసరమైంది.

మీ బాబు పన్నుతో మీ బాబుకి ఈ ఏడాది ఏమైనా ఒరుగుతుందా అంటే ఒరగదు మేడమ్. ఉన్నదున్నట్టు చెప్పమన్నారు కాబట్టి చెప్తున్నాను.

పళ్ళ_డాక్టరమ్మ:

బ్యాంకు సంగతి నేను చెప్తాను, ఎందుకంటే నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు ఎక్కువగా అడిగేది అదే. మీ బంధువు మంచి మనసుతోనే అన్నారు. కానీ దాచిన ఆ కణాల్లోనూ అదే ముక్క లేదు, పుట్టుకతో వచ్చింది కాబట్టి ఒంట్లో ప్రతి కణంలోనూ అదే లోటు. వాటిని తిరిగి ఎక్కించినా జబ్బు ఉన్న కణాన్నే ఎక్కించినట్టు. పైగా పంటి స్టెమ్ సెల్స్‌తో ఇలాంటి మెదడు జబ్బులకి ఆమోదం పొందిన వైద్యం ఏదీ లేదు. ఏటా డబ్బు కట్టించుకునేవాళ్ళు ఏం హామీ ఇస్తున్నారో రాతపూర్వకంగా అడిగి చూడండి. రీసెర్చ్‌కి ఇస్తే మీ నుంచి పైసా తీసుకోకూడదు, తీసుకుంటే అది రీసెర్చ్ కాదని అనుమానించండి.

ఇక పన్ను. బాగా వదులై వేలాడుతూ చాలా రోజులుంటే లోపలి గుజ్జుకి రక్తం అందక ఎండిపోతుంది, అప్పుడు పంపినా లాభముండదు. పుచ్చిన పన్ను కూడా పనికిరాదు. అలాగని రీసెర్చ్ కోసం మత్తు ఇప్పించి పీకించవద్దు. పోయిన ఆ ముక్కలో గాబా అనే మెదడు రసాయనాన్ని అందుకునే గ్రాహకాల జన్యువులు కూడా ఉంటాయి, చాలా మత్తుమందులు పని చేసేది ఆ గ్రాహకాల మీదే, ఫిట్స్ మందులు వాడుతున్నాడు, ఈ పిల్లలకి మత్తు ఇవ్వడం ఆలోచించి చేయాల్సిన పని. అది నిజంగా అవసరమైనప్పుడు వేరే సంగతి. నాకున్న పెద్ద భయం వాడు పన్ను మింగేయడం, లేదా నిద్రలో ఊపిరితిత్తుల్లోకి పోవడం. ఈ పిల్లలు చేతికందిందల్లా నోట్లో పెట్టుకుంటారు కదా. రోజూ రాత్రి పడుకోబెట్టే ముందు వేలితో కదిపి చూడండి. ఒక పక్క దారంలా అంటుకుని ఉందనిపిస్తే మీ దగ్గర్లో పిల్లల పళ్ళ డాక్టర్‌కి చూపించండి, మొద్దుబారే జెల్ రాసి క్షణంలో తీసేస్తారు, పిల్లాడు గుర్తు కూడా పట్టడు. కిట్ చేతిలో పట్టుకునే వెళ్ళండి.

ఈ పన్ను తప్పినా దిగులు పడకండి. పాల పళ్ళు మొత్తం ఇరవై. పన్నెండేళ్ళొచ్చే వరకూ ఊడుతూనే ఉంటాయి.

నవ్వులబాబు_అమ్మ:

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. సూటిగా రాసినాయనకి కూడా, మీరు అడక్కపోతే అంత వివరంగా జవాబు వచ్చేది కాదు.

అన్నయ్యా, మీరు చెప్పినట్టు ఆ రోజే ఫోన్ చేశాను, మూడో రోజుకి కిట్ వచ్చింది. నిన్న సాయంత్రం స్నానం చేయిస్తుంటే, వాడికి నీళ్ళంటే ప్రాణం, నీళ్ళు కొడుతూ గట్టిగా నవ్వాడు, నవ్వులో పన్ను పక్కకి ఒరిగిపోవడం కనిపించింది. తుండుగుడ్డ చుట్టి వేలు పెట్టి ఇలా అన్నానో లేదో చేతిలోకి వచ్చేసింది. బియ్యపు గింజ కన్నా కొంచెం పెద్దది. తిరగేసి చూస్తే అడుగున చిన్న గుంట, అందులో ఎర్రగా తడిగా పోగులాంటిది, కణాల కాపరిగారు రాసినట్టే ఉంది. నా చేతులు వణికాయి. సీసాలో వేసి మూత బిగించి, లేబుల్ మీద తేదీ, టైమ్ రాశాను, 6 గంటల 40 నిమిషాలు. పేరు రాసే చోటు లేదు, కోడ్ నంబర్ ఉంది.

నాన్న కాపీ మూగగా ఉంది, చెడిపోలేదు అన్న మాట మా వారికి చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత వచ్చి, ఇంకో పన్ను ఎప్పుడు కదులుతుందంటావ్ అని అడిగారు.

పొద్దున తొమ్మిదింటికి మనిషి వచ్చి ఐస్ ప్యాక్‌తో సహా తీసుకెళ్ళాడు. కణాలు వచ్చాయో లేదో ఫోన్ రాగానే ఇక్కడే రాస్తాను.